పాత కారులో కొత్త కంపెనీ సెట్టు: నా అనుభవం

నా కారు 2004 మోడల్. ఇంజనుకి ఢోకా లేదు, ఏసీ చల్లగానే ఉంది, సస్పెన్షన్ ఈమధ్యే బాగు చేయించాను. వెనకబడిందల్లా స్టీరియో ఒక్కటే. సీడీ పెడితే మనసుంటే పాడుతుంది, లేకపోతే బయటికి తోసేస్తుంది. బ్లూటూత్ లేదు, యూఎస్‌బీ లేదు. ఫోన్లో పాటలు వినాలంటే సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరే దిక్కు. కాస్త దూరం పోగానే దాని ఫ్రీక్వెన్సీ మీదకి ఏదో స్టేషన్ వచ్చి పడేది, రెండు పాటలు కలిసి వినిపించేవి.

బయట దొరికే టచ్‌స్క్రీన్ సెట్టు ఒకటి పెట్టించేస్తే పని తేలిగ్గా అయిపోయేది. వాటికి దాదాపు ప్రతి కారుకీ ఫ్రేములు దొరుకుతాయి, ఇగ్నిషన్ వైరు విడిగా ఉంటుంది, తగిలిస్తే పాడతాయి. పేచీ అంతా నాది. రాత్రిపూట డ్యాష్‌బోర్డులో మీటలన్నీ ఎర్రగా వెలుగుతుంటే వాటి మధ్య నీలం తెర మెరవడం నేను భరించలేను. వాల్యూముకి గుండ్రటి నాబు ఉండాలి, చూపు రోడ్డు మీదే ఉంచి చేత్తో తడిమి తిప్పుకునేలా ఉండాలి. నా కారు తయారు చేసిన కంపెనీయే తన 2013 మోడల్ కారులో ఇచ్చిన సెట్టు చూస్తే నాకు కావాల్సినవన్నీ అందులోనే ఉన్నాయి. అదే ఎరుపు, అదే అక్షరాల తీరు, రెండు నాబులు, బ్లూటూత్. ఎవరో తమ కారులో పెద్ద తెర పెట్టించుకుని తీసేసిన సెట్టు ఒకటి దొరికింది.

ఈ పని గురించి అడిగితే అందరూ సైజు గురించి, వైర్ల గురించి చెబుతారు. ఆ రెండూ తేలిక భాగాలే. పాట రప్పించడం కూడా పెద్ద కష్టం కాదు. కారు ఆపి తాళం తీశాక ఆ సెట్టుని నిద్రపుచ్చడమే అసలు పని. దాని సంగతి కాసేపాగి చెబుతాను.

కొనేముందు చూసుకోవాల్సిన మొదటి విషయం లాకు. కంపెనీ సెట్లకి దొంగతనం భయంతో తాళం వేసి పెడతారు. కొన్నిటికి నాలుగు అంకెల కోడ్ ఉంటుంది, బ్యాటరీ కనెక్షన్ పోయి వస్తే ఆ కోడ్ అడుగుతుంది. ఇంకొన్ని కారులోని కంప్యూటర్‌ని అడిగి ఛాసిస్ నంబర్ సరిపోల్చుకుంటాయి. అది తేడా వస్తే నోరు మెదపవు, మళ్లీ జత కలపాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. ఈ రెండో రకం పాత కారుకి పనికిరాదనే అనుకోవాలి, ఎందుకంటే అది అడిగే ప్రశ్నకి జవాబు చెప్పే కంప్యూటరే మన కారులో ఉండదు. నాది కోడ్ రకం. అమ్మినాయన కోడ్ చీటీ ఇచ్చాడు. అయినా అక్కడే 12 వోల్టుల సప్లై పెట్టించి, కోడ్ కొట్టించి, ఒక స్పీకర్‌కి తగిలించి పాట విన్నాకే తీసుకున్నాను. చీటీ మీద రాసిన అంకెలకీ సెట్టు ఒప్పుకునే అంకెలకీ పొంతన ఉందో లేదో కళ్లారా చూడాల్సిందే.

రెండోది ఆ సెట్టు ఏ దేశపు కారు నుంచి వచ్చిందన్నది. పాత సామాను మార్కెట్లో అన్ని దేశాల సరుకూ కలిసిపోయి ఉంటుంది. జపాన్ కార్ల రేడియోలు ఎఫ్ఎంలో 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై 90 దగ్గరో, కాస్త కొత్తవైతే 95 దగ్గరో ఆగిపోతాయి. మిగతా ప్రపంచంలో ఎఫ్ఎం 87.5 నుంచి 108 వరకు ఉంటుంది కాబట్టి అలాంటి సెట్టు పెడితే సగానికి పైగా స్టేషన్లు దానికి అందవు. అమెరికా సెట్టయితే 0.2 చొప్పున దూకుతూ పోతుంది, 98.1, 98.3 మీద ఆగుతుంది గానీ 98.2 మీద ఆగదు. మీడియం వేవ్‌లో అది 10 కిలోహెర్ట్జ్ లెక్కన కదులుతుంది, ఇతర దేశాల్లో చాలాచోట్ల స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ దూరంలో ఉంటాయి. కొన్ని సెట్లలో ఇదంతా మెనూలో మార్చుకోవచ్చు, కొన్నిటిలో కంపెనీ టూల్ ఉంటేనే కుదురుతుంది.

ఇక సైజు. కారు స్టీరియోకి అంతర్జాతీయ కొలత ఒకటుంది, ఐఎస్ఓ 7736. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. దీన్నే సింగిల్ డిన్ అంటారు. దానికి రెట్టింపు ఎత్తు, అంటే 180కి 100 ఉంటే డబుల్ డిన్. టొయోటా కార్లలో చాలావాటికి 200 మిల్లీమీటర్ల వెడల్పు సెట్లు వస్తాయి. నా పాత సెట్టు సింగిల్ డిన్, దాని కింద చిల్లర వేసుకునే ఖాళీ అర ఒకటి. ఆ అర లాగితే ఊడి వచ్చింది, మధ్యలోని ప్లాస్టిక్ పట్టీ స్క్రూలతో ఉంది, అదీ వచ్చేసింది. డబుల్ డిన్‌కి కావాల్సిన కంత తయారైంది.

కొలత కాగితం మీద సరిపోయినంత మాత్రాన సెట్టు లోపలికి పోతుందని కాదు. కొత్త సెట్టుకి వెనక పెద్ద కనెక్టర్, దాని వైర్ల కట్ట, యాంటెన్నా అడాప్టర్ అన్నీ కలిపి ఇంకో నాలుగు వేళ్ల మందం ఉంటుంది. పాత కార్లలో ఆ వెనకాలే ఏసీ గాలి గొట్టం అడ్డం వస్తుంది. అందుకని సెట్టు తీసుకెళ్లి తొయ్యకుండా, ముందు అదే కొలతలో ఒక అట్టపెట్టె చేశాను. వెనక కనెక్టర్ ఉండే చోట ఒక థర్మోకోల్ ముక్క అతికించాను. పెట్టెని కంతలో తోస్తే థర్మోకోల్ ఎడమ మూల నలిగి వచ్చింది. టార్చి వేసి చూస్తే అక్కడ ఒక లోహపు క్లిప్పు, పాత సెట్టు వెనక తోకలా ఉండే బోల్టుని పట్టుకోవడానికి పెట్టింది. దాన్ని వంచితే సరిపోయింది. అదే సెట్టుతో తోసి ఉంటే కనెక్టర్ పగిలేది.

పాత సెట్టు తియ్యడానికి రేకు తాళాలు రెండు కావాలి. సెట్టు ముఖం మీద ఇరుపక్కలా ఉన్న సన్నటి చీలికల్లో గుచ్చితే లోపలి స్ప్రింగులు వదులుతాయి. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి. డ్యాష్‌బోర్డులో పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోవద్దు, టెస్ట్ ల్యాంపుతో వాటిని గుచ్చి చూడటం అసలే వద్దు.

పాత సెట్టు వెనక రెండు ప్లగ్గులు వచ్చాయి, ఒకటి నల్లది, ఒకటి గోధుమ రంగుది. ఒక్కోదానికి ఎనిమిది పిన్నులు. ఇది ఐఎస్ఓ 10487 అనే పద్ధతి. నల్లది కరెంటుకి, గోధుమ రంగుది స్పీకర్లకి. కొత్త సెట్టు వెనకేమో పక్కన లివర్ ఉన్న ఒకే ఒక్క పెద్ద కనెక్టర్, క్వాడ్‌లాక్ అంటారు. ఒక పరిచయస్తుడైన ఆటో ఎలక్ట్రీషియన్‌కి చూపించాను.

"సార్, ఈ రెండు కప్లర్లూ కోసేసి వైరుకి వైరు కలిపేద్దాం. అరగంటలో పాట వచ్చేస్తుంది."

"వస్తుందన్నా, రేపు మళ్లీ పాత సెట్టు పెట్టాలంటే?"

"పాతది మళ్లీ ఎవరు పెడతారు సార్!"

ఆయన మాటా నిజమే, కానీ కోసిన వైరింగ్ ఉన్న కారుని తర్వాత ఎవరు ముట్టుకున్నా తిట్టుకుంటూనే ముట్టుకుంటారు. పైగా కంపెనీ వైర్ల రంగులకి ఒక లెక్క ఉండదు. బయటి సెట్లలో అయితే పసుపు ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు తాళం తిప్పితే వచ్చే కరెంటు, నలుపు ఎర్తు అని వాడుక. కార్ల కంపెనీలు తమ రంగులు తామే పెట్టుకుంటాయి, ఒకే కంపెనీ రెండు మోడళ్లలోనే అవి మారిపోతాయి. క్వాడ్‌లాక్ నుంచి ఐఎస్ఓకి మార్చే అడాప్టర్ వైరింగ్ విడిగా దొరుకుతుంది. అది తెచ్చుకుంటే కారు వైపు ఒక్క వైరు కూడా కొయ్యాల్సిన పనిలేదు. దాన్నే తెచ్చాను.

అడాప్టర్ ఉంది కదా అని నేరుగా తగిలించలేదు, నల్ల ప్లగ్గులో ఒక్కో పిన్నునీ మల్టీమీటర్‌తో చూశాను. ఐఎస్ఓ ప్రకారం నాలుగో పిన్ను బ్యాటరీ కరెంటు, ఐదు యాంటెన్నా, ఆరు రాత్రి లైటు, ఏడు తాళంతో వచ్చే కరెంటు, ఎనిమిది ఎర్తు. ఫోక్స్‌వ్యాగన్, ఆడి పాత కార్లలో కొన్నిటికి నాలుగూ ఏడూ తారుమారుగా ఉంటాయి. అలా తారుమారైన చోట సర్దకుండా తగిలిస్తే తాళం తీసిన ప్రతిసారీ సెట్టు స్టేషన్లన్నీ మర్చిపోతుంది. ఈ కారణంతోనే చాలా అడాప్టర్లలో ఎరుపు, పసుపు వైర్ల మధ్య ఊడదీసి మార్చి పెట్టుకునే చిన్న జాయింట్లు ఇస్తారు. నా కారులో తాళం లేకుండా నాలుగో పిన్ను మీద 12.4 వోల్టులు, తాళం ఒక మెట్టు తిప్పితే ఏడో పిన్ను మీదా అంతే. పార్కింగ్ లైట్లు వేస్తే ఆరు బతికింది. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

స్పీకర్ల విషయంలో పాత కార్లకి ఒక ప్రమాదం ఉంది. 80లలో వచ్చిన కార్లు కొన్నిటిలో స్పీకర్ల నెగటివ్ వైర్లన్నీ కలిపి బాడీకి ఎర్తు చేసేవారు. అప్పటి సెట్లకి అది చెల్లింది. ఇప్పటి సెట్లలో ఒక్కో స్పీకర్‌కి రెండు వైర్లూ యాంప్లిఫయర్ నుంచే వస్తాయి, ప్లస్ వైపు ఒక యాంప్, మైనస్ వైపు ఒక యాంప్ ఎదురెదురుగా పనిచేస్తాయి. పాట ఆడుతున్నప్పుడు మైనస్ వైరు మీద కూడా బ్యాటరీ వోల్టేజీలో సగం దాకా ఉంటుంది. దాన్ని బాడీకి తగిలిస్తే యాంప్లిఫయర్ చిప్పుకి మూడినట్టే. అందుకని గోధుమ ప్లగ్గులోని ఎనిమిది పిన్నుల్నీ ఒక్కొక్కటిగా బాడీతో కలిపి చూశాను, దేనికీ సంబంధం లేదు. తర్వాత జతలు జతలుగా కొలిచాను. నాలుగు ఓముల స్పీకర్ మల్టీమీటర్‌లో నాలుగు చూపించదు, 3.4, 3.6 అలా చూపిస్తుంది. మూడు జతలు అలాగే ఉన్నాయి. వెనక కుడివైపుది మాత్రం ఏమీ చూపించలేదు.

ఆ స్పీకర్ ఎప్పటి నుంచి మూగబోయిందో నాకే తెలియదు. వెనక కుడి తలుపు తెరిచి, తలుపుకీ పిల్లర్‌కీ మధ్య ఉండే నల్ల రబ్బరు గొట్టాన్ని వెనక్కి లాగాను. లోపల వైర్ల కట్టలో సన్నటి వైరొకటి చూడటానికి బాగానే ఉంది. రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా సాగదీస్తే ఒకచోట తొడుగు మాత్రమే సాగింది, లోపల రాగి లేదు. ఏళ్ల తరబడి తలుపు తెరిచి మూసి తెరిచి మూసి లోపలి తీగ తెగిపోయింది, పైన ప్లాస్టిక్ తెగలేదు. అక్కడ ఒక కొత్త ముక్క వేసి, జాయింట్లు రెండూ గొట్టంలోని వంపు తిరిగే చోట రాకుండా అటూ ఇటూ జరిపి, టంకం పెట్టి, వేడికి ముడుచుకుని పట్టేసే హీట్ ష్రింక్ గొట్టం తొడిగాను. వంపులోనే టంకం పెడితే గట్టిపడిన ఆ అంచు దగ్గరే మళ్లీ తెగుతుంది.

ప్లస్ మైనస్ సరిగా ఉన్నాయో లేదో చూడటానికి టార్చిలో వేసే ఒకటిన్నర వోల్టు సెల్లు చాలు. స్పీకర్ వైర్లకి క్షణం పాటు తాకిస్తే టప్పుమంటుంది. సెల్లు ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోను బయటికి ఉబుకుతుంది, తారుమారైతే లోపలికి పోతుంది. ఒక స్పీకర్ తిరగబడి ఉంటే పాట వస్తుంది గానీ బేస్ ఎటో పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. క్వాడ్‌లాక్‌లో బ్యాటరీ కరెంటుకి పిన్ను ఉంది, ఎర్తుకి ఉంది, స్పీకర్లకి ఉన్నాయి. తాళం తిప్పితే వచ్చే కరెంటుకి మాత్రం నా సెట్టులో పిన్నే లేదు. దానికి ఆ అవసరం లేదు, ఎందుకంటే అది పుట్టిన కారులో తాళం తిప్పారన్న కబురు వైరు మీద వోల్టేజీగా రాదు, కాన్ అనే నెట్‌వర్క్ మీద సందేశంగా వస్తుంది. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన పద్ధతి ఇది. పురి పెట్టిన రెండు వైర్ల మీద కారులోని కంప్యూటర్లన్నీ ఒకే గదిలో కూర్చున్న ఉమ్మడి కుటుంబంలా మాట్లాడుకుంటాయి, ఒకరన్నది అందరికీ వినిపిస్తుంది, ఎవరికి పనికొచ్చేది వాళ్లు తీసుకుంటారు. తాళం తిప్పారు, లైట్లు వేశారు, రివర్స్ గేరు పడింది, తాళం తీశారు, అందరూ పడుకోండి. స్టీరియో ఈ చివరి మాట కోసం చెవులు రిక్కించుకుని ఉంటుంది. 2004 నాటి నా కారులో ఆ మాట అనేవాళ్లే లేరు. ఇంజనుకి ఏబీఎస్‌కి మధ్య ఒక కాన్ లైను ఉండొచ్చు, దానికి స్టీరియోని కలపాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. వేగం వేరు, భాష వేరు, పాటల పెట్టె గొడవతో బ్రేకుల కంప్యూటర్‌ని కదిలించడం తెలివైన పని కాదు.

కాన్ లేకుండానే తగిలించి చూద్దామని అడాప్టర్ పెట్టి, సెట్టు బయటే వేలాడదీసి ఆన్ చేశాను. నాబు నొక్కితే వెలిగింది, కోడ్ అడిగింది, కొడితే పాడింది. స్పీకర్లు నాలుగూ పలికాయి. మా బావమరిది పక్కనే ఉన్నాడు.

"అయిపోయింది కదా బావా, తోసెయ్ లోపలికి!"

"ఉండరా, ఆపాక ఏం తాగుతుందో చూడాలి."

చాలామంది ఆగేది ఇక్కడే. తాళం సంగతి సెట్టుకి తెలియదు కాబట్టి ఎవరో ఒకరు నాబు నొక్కి ఆపాలి. మర్చిపోతే కొంతసేపటికి అదే ఆగుతుంది, అలా రాసి పెట్టారు. తెర ఆరింది కదా, పడుకుందని మనం అనుకుంటాం. నేను సెట్టు ఆపి, బానెట్ తెరిచి, తలుపు లాకులో స్క్రూడ్రైవర్‌తో నొక్కి తలుపు మూసినట్టు కారుని నమ్మించి, లోపలి లైటు ఆరేలా చేశాను. బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల పిన్నుకి మార్చి, నెగటివ్ వైరుకీ బ్యాటరీకీ మధ్య పెట్టాను. ఇలా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టకూడదు, మీటర్లో ఫ్యూజు ఎగిరిపోతుంది. అరగంట వదిలేసి వచ్చి చూస్తే 0.21 ఆంపియర్ దగ్గర కూర్చుని ఉంది. పాత సెట్టుతో ముందే కొలిచి పెట్టుకున్నాను, అప్పుడు 0.02.

అంటే తెర ఆరింది గానీ లోపల మనిషి మేలుకునే ఉన్నాడు. లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. 0.2 ఆంపియర్ అంటే ఇరవై నాలుగు గంటలకి 5 ఆంపియర్ అవర్లు. నా బ్యాటరీ 45. కారు కదపకుండా ఐదు రోజులు పెడితే సగం పైగా ఖాళీ అవుతుంది. పాతబడిన బ్యాటరీ అయితే ఆ సగంతో సెల్ఫ్ తిరగదు. మామూలుగా కారు ఆగి ఉన్నప్పుడు 0.05 ఆంపియర్ లోపు ఉంటే పర్లేదంటారు.

దీనికి ఒక నాటు వైద్యం ఉంది. బ్యాటరీ కరెంటు ఇవ్వాల్సిన చోట తాళంతో వచ్చే కరెంటే ఇచ్చేస్తారు. తాళం తీస్తే సెట్టు పూర్తిగా చచ్చిపోతుంది, బ్యాటరీకి దిగులు లేదు. కానీ తాళం తిప్పిన ప్రతిసారీ అది పుట్టుక నుంచి మొదలుపెడుతుంది. వాల్యూము, స్టేషను, ఫోన్ జత ఏదీ గుర్తుండకపోవచ్చు, కొన్ని సెట్లయితే కోడ్ కూడా అడుగుతాయి. పైగా ఆ వైరు అంత కరెంటు మోయడానికి వేసింది కాదు. నాకు నచ్చలేదు.

సరైన దారి కాన్ బాక్సు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ఒకవైపు దానికి బ్యాటరీ కరెంటు, తాళం కరెంటు, రాత్రి లైటు వైరు, ఎర్తు ఇస్తాం. రెండోవైపు నుంచి పురి పెట్టిన రెండు వైర్లు సెట్టుకి వెళ్తాయి. తాళం వైరు మీద 12 వోల్టులు రాగానే అది కొత్త కారు గొంతుతో తాళం తిప్పారని సెట్టుకి చెబుతుంది. వోల్టులు పోగానే తీశారని చెప్పి, కాసేపటికి తనూ పడుకుంటుంది. ఏ బాక్సు పడితే ఆ బాక్సు పనికిరాదు. సెట్టు వినే వేగం, ఆ కంపెనీ సందేశాల తీరు రెండూ కలవాలి. కొన్ని సెకనుకి 100 కిలోబిట్ల మీద, కొన్ని 500 మీద మాట్లాడతాయి. సెట్టు మీద లేబుల్లో ఉన్న పార్ట్ నంబర్ ఫొటో తీసి, దానికి పనిచేస్తుందని రాసిన బాక్సే తెప్పించుకున్నాను. ఆ రెండు వైర్లు అటూ ఇటూ మారితే ఏమీ కాలిపోదు, సెట్టుకి ఏమీ వినిపించదు అంతే, మార్చి పెట్టుకోవచ్చు. కలిపేటప్పుడు పురి విప్పకుండా జాయింట్ దాకా అలాగే తీసుకెళ్లాను, ఆ పురి ఉన్నందుకే బయటి గోల వాటి మీద ప్రభావం చూపదు.

బాక్సు పెట్టాక తాళం తిప్పితే సెట్టు దానంతటదే లేచింది, నిన్న ఆగిన పాట దగ్గరే. తాళం తీస్తే ఆరింది. మళ్లీ మీటర్ పెట్టి కూర్చున్నాను. మొదట ఒక ఆంపియర్ దాకా ఉన్నది మెట్లు దిగినట్టు దిగి, చివరికి 0.03 దగ్గర ఆగింది. పార్కింగ్ లైట్లు వేస్తే తెర మసకబారి ఎర్రగా మారింది. పాత కారులో లైటు తగ్గించే చక్రం తిప్పితే మాత్రం దానికి తెలియదు. బాక్సుకి లైట్లు ఉన్నాయా లేవా అన్నదే తెలుసు, ఎంత అన్నది తెలియదు. తెర వెలుతురు మెనూలో సర్దుకున్నాను.

యాంటెన్నా పని చిన్నదే గానీ మెలిక ఉంది. పాత సెట్టుకి మేకులాంటి లావు ప్లగ్గు, కొత్తదానికి ఫాక్రా అనే రంగుల కనెక్టర్. ఆ రంగులకి అర్థం ఉంది. నలుపు, తెలుపు రేడియోవి, నీలం జీపీఎస్‌ది, లేత నీలి ఆకుపచ్చది అన్నిట్లోకీ దూరుతుంది. నలుపుకీ తెలుపుకీ తేడా ఏంటంటే తెలుపులో యాంటెన్నా వైరు మీదే కరెంటు కూడా పైకి పంపుతారు. పైకప్పు మీద ఉండే పొట్టి యాంటెన్నాల అడుగున చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది, అది ఆ కరెంటు మీద బతుకుతుంది. పాత సెట్టు తీసేముందే దాని యాంటెన్నా సాకెట్లో మధ్య పిన్ను మీద మీటర్ పెట్టి చూశాను, 12 వోల్టుల చిల్లర వచ్చింది. అంటే నా యాంటెన్నాకి వైరు మీద కరెంటు కావాలి. మామూలు అడాప్టర్లలో చాలావరకు ఆ కరెంటుని అడ్డుకుంటాయి, అవి పెడితే దగ్గర్లోని బలమైన స్టేషన్లు తప్ప ఏమీ రావు. పక్కన నీలం వైరు వేలాడుతూ ఉండే అడాప్టర్ తీసుకుని, ఆ వైరుని తాళం కరెంటుకి కలిపాను. సెట్టు వెనక యాంటెన్నాకి రెండు సాకెట్లున్నాయి, ఒకదానికే పెట్టాను, రేడియో బాగానే వస్తోంది.

ఫోన్ మాట్లాడే మైకుని స్టీరింగ్ కాలమ్ పైకవర్ మీద పెట్టాను, వైరు అక్కడి నుంచి సెట్టుకి దగ్గర. యూఎస్‌బీ పోర్టు ఈ సెట్ల ముఖం మీద ఉండదు, విడి సాకెట్టు, దాని కేబుల్ సెట్టుతో పాటే అడిగి తీసుకోవాలి. తర్వాత వెతికితే తలనొప్పి.

లోపలికి తోసేటప్పుడు వైర్ల కట్టలు, కాన్ బాక్సు, అడాప్టర్లు అన్నీ సెట్టు వెనక ఇరికిస్తే పట్టవు. వాటన్నిటినీ గుడ్డ టేపుతో చుట్టి కిందికి, గ్లవ్‌బాక్స్ వెనక ఖాళీలోకి దించాను. గుడ్డ టేపు ఎందుకంటే, మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు ఎండకి జిగురు కారి ఊడిపోతుంది, ప్లాస్టిక్ కప్లర్లు ఒకదానికొకటి తగిలి గతుకుల్లో కటకటమంటాయి. ఇంకో సంగతి, పాత సెట్టుకి వెనక ఒక బోల్టు తోక ఉండి లోపలి క్లిప్పులో కూర్చునేది. కొత్తదానికి అది లేదు, నేనేమో ఆ క్లిప్పుని వంచేశాను. ముందు బ్రాకెట్ల మీదే వేలాడితే బరువుకి వెనక భాగం వాలి ఊగుతుంది. చిల్లులున్న రేకు పట్టీ ఒకటి వంచి, కింద ఆనుగా పెట్టి, మధ్యలో రబ్బరు ముక్క వేశాను. ముఖం చుట్టూ అర మిల్లీమీటరు సందు కూడా లేదు. కారుతో వచ్చిన సెట్టు కాదంటే కొత్తగా ఎక్కినవాళ్లు నమ్మడం లేదు.

శబ్దం మాత్రం మొదట్లో నాకు నచ్చలేదు. బేస్ గుబగుబలాడేది. కంపెనీ సెట్టులో ఏ కారుకి పెట్టారో ఆ కారు తలుపులకీ అద్దాలకీ సరిపోయేలా శబ్దాన్ని ముందే దిద్ది పెడతారు, అది మనకి మెనూలో కనిపించదు. ఎన్ని స్పీకర్లు ఉన్నాయి, విడి యాంప్లిఫయర్ ఉందా అన్నది కూడా లోపల రాసి ఉంటుంది, దాన్ని మార్చాలంటే డయాగ్నస్టిక్ టూల్‌తో కాన్ ద్వారా వెళ్లాలి. నా కారు డయాగ్నస్టిక్ సాకెట్‌కీ ఈ సెట్టుకీ మధ్య ఏ వైరూ లేదు కాబట్టి, పాత యజమాని కారులో ఎలా రాసి ఉందో అలాగే ఉండిపోతుంది. అందుకే కొనేటప్పుడు అది ఎన్ని స్పీకర్ల కారు నుంచి తీశారో అడగడం మంచిది. విడి యాంప్లిఫయర్ ఉన్న కారుదైతే స్పీకర్ పిన్నుల్లో పాటే రాకపోవచ్చు. నాది నాలుగు స్పీకర్లదే. బేస్ మూడు గీతలు తగ్గించి, శబ్దాన్ని కాస్త ముందుకి జరిపితే వినసొంపుగా ఉంది. సెట్టు మీద నాలుగు స్పీకర్లకీ తలా యాభై వాట్లని రాసి ఉన్నా దాన్ని పట్టించుకోనక్కర్లేదు. 14.4 వోల్టుల మీద నాలుగు ఓములకి ఈ రకం యాంప్లిఫయర్ శుభ్రంగా ఇవ్వగలిగేది ఒక్కో స్పీకర్‌కి 20 వాట్ల చుట్టుపక్కలే, పాత స్పీకర్లకి అది ధారాళంగా చాలు.

పనిచేయనివీ కొన్ని ఉన్నాయి. కారు సెట్టింగుల మెనూ తెరుచుకోదు. బయటి ఉష్ణోగ్రత చోట రెండు గీతలు కనిపిస్తాయి. వేగాన్ని బట్టి వాల్యూము దానంతటదే పెరిగే సదుపాయం ఉంది గానీ, ఈ బాక్సు వేగం సంగతి చెప్పదు కాబట్టి అది ఉలకదు పలకదు. రివర్స్ సెన్సార్ల బొమ్మ పేజీ ఉంది, నా కారుకి సెన్సార్లే లేవు. గడియారం కూడా ఆ సెట్టు మీటర్ల ప్యానెల్ నుంచి తీసుకుంటుంది, నా మీటర్లు దాంతో మాట్లాడవు కాబట్టి ఆ మూల ఖాళీగా ఉంటుంది. నా కారులో టైము స్పీడోమీటర్ పక్కనే కనిపిస్తుంది గనక దాని కోసం ఇంకో బాక్సు వెతకలేదు.